బ్యాంకాక్ వెళ్తున్నాం, డబ్బులు ఎక్కడ మార్చుకుంటే తక్కువ పోతాయి?

బ్రాడీపేట కుర్రాడు:
వచ్చే నెల అమ్మానాన్నలతో, మా ఆవిడతో బ్యాంకాక్, పట్టాయా వెళ్తున్నాం. టికెట్లు, హోటళ్లు కట్టేశాం. తిండికి, తిరగడానికి ఓ లక్ష రూపాయలు అనుకుంటున్నాం. విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు ఒకాయన "జీరో కమిషన్, బాత్‌లు (థాయ్ డబ్బు) ఇక్కడే ఇస్తా" అంటున్నాడు. బ్యాంకులో ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు వేసి ఇచ్చే కార్డు) తీసుకోమంటున్నారు. మా బావమరిది "ఏమీ వద్దు, అక్కడ ఏటీఎంలో తీసుకో" అంటాడు. నాన్నకేమో చేతిలో నోట్లు లేకపోతే టెన్షన్. ఏది చౌక?

మిర్చి యార్డు, గుంటూరు:
తమ్ముడూ, జీరో కమిషన్ అంటే పడిపోకు. యార్డులో ధర గట్టిగా చెప్పి తరుగులో లాగినట్టే ఇదీ. కమిషన్ ఉండదు, అది రేటులో ఉంటుంది. "జీఎస్టీతో కలిపి నా దగ్గర మొత్తం ఎంత తీసుకుంటావు, నా చేతిలో ఎన్ని బాత్‌లు పెడతావు?" అని అడుగు. ఆ రూపాయల్ని బాత్‌లతో భాగించి, అప్పుడే గూగుల్‌లో కనబడే రేటు పక్కన పెట్టి చూడు. గూగుల్ 2.80 చూపిస్తుంటే ఆయన 3 రూపాయలకి ఇస్తున్నాడనుకో, లక్షకి దాదాపు ఏడు వేలు పోయినట్టే. జీఎస్టీ పేరు చెప్పి భయపెడితే నమ్మకు. లక్ష మార్చుకుంటే అది 180 రూపాయలే.

నేను పని మీద అటు వెళ్తుంటా. బాత్‌లు ఇక్కడ కొనను, డాలర్లు కొని అక్కడ బాత్‌లుగా మార్చుకుంటా. డాలర్ అందరూ అడిగేది కాబట్టి ఇక్కడ రేటు మరీ కొట్టేయరు. నువ్వు మాత్రం రెండు దారుల్లోనూ లెక్క వేసుకుని చూడు. 100 డాలర్ల నోట్లే అడుగు. అక్కడ బోర్డు మీదే 100 నోటుకి ఒక రేటు, చిన్న నోట్లకి తక్కువ రేటు రాసి ఉంటాయి. చిరుగు, పెన్ను గీత ఉంటే పేచీ పెడతారు, అందుకని కౌంటర్ వదలకముందే ఒక్కో నోటూ తిప్పి చూసుకో. సువర్ణభూమిలో (బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు) దిగగానే ఎదురొచ్చే కౌంటర్లు వదిలేసి, కింద సిటీ రైలు ఎక్కే అంతస్తుకి వెళ్లు. రేటు అక్కడ బాగుంటుంది. పాస్‌పోర్టు అడుగుతారు.

మీ బావమరిది మాట వినకు. మన కార్డుతో అక్కడి చాలా ఏటీఎంలలో ఎప్పుడు తీసినా 220 బాత్‌లకి తగ్గకుండా కోత పడుతుంది. రెండు వేల బాత్‌లు తీసినా అంతే. మన బ్యాంకు కోత వేరే.

లబ్బీపేట అక్క:
అన్నయ్య నోట్ల సంగతి చెప్పారు, నేను కార్డు సంగతి చెప్తా. చాలా క్రెడిట్ కార్డుల్లో విదేశీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్ (అదనపు చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. ఆ మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి, నీ కార్డు చార్జీల కాగితం ఒకసారి చూడు. ఫారెక్స్ కార్డు తీసుకుంటే బాత్‌లు లోడ్ చేస్తారో లేదో కనుక్కో. డాలర్లు వేయించి అక్కడ బాత్‌లు గీకితే మళ్లీ మార్పిడి చార్జీ పడుతుంది. ఇంకోటి, షాపులో మెషీన్ "రూపాయల్లో కడతారా, బాత్‌లలోనా" అని అడుగుతుంది. రూపాయలు చూసి మురిసిపోకు, బాత్‌లే నొక్కు. రూపాయలంటే ఆ రేటు వాళ్లిష్టం.

ఇక్కడ డాలర్లు కొనేటప్పుడు 50,000 రూపాయల లోపే నోట్లుగా తీసుకుంటారు. అంతకు మించితే నీ ఖాతా నుంచే వెళ్లాలి. పాన్, పాస్‌పోర్టు, టికెట్ పట్టుకెళ్లు.

బ్రాడీపేట కుర్రాడు:
థాంక్స్ అన్నా, అక్కా. టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పడుతుందా? మిగిలితే ఏం చేయాలి?

మిర్చి యార్డు, గుంటూరు:
ఏడాదికి మార్చుకున్నది 10 లక్షలు దాటితేనే టీసీఎస్, నీకు రాదు. ఏజెంటు దగ్గర టూర్ ప్యాకేజీ కొంటే వేరే కథ, దానికి మొదటి రూపాయి నుంచే పడుతుంది. మిగిలిన బాత్‌లు వెనక్కి తెచ్చావంటే ఇక్కడ అడ్డంగా కోస్తారు. అందుకే అక్కడ మొత్తం ఒకేసారి మార్చకు, సగం సగం మార్చు. డాలర్లు మిగిలితే పర్లేదు, 2,000 దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు.