అప్‌డేట్: జనగణమన మొదట పాడింది కలకత్తాలోనా, మదనపల్లెలోనా?

మా అపార్ట్‌మెంట్ క్విజ్‌లో ఈ ప్రశ్నకు ఒక జట్టు కలకత్తా అని, ఇంకో జట్టు మదనపల్లె అని పట్టుబట్టాయని అడిగాను కదా. తేలిపోయింది, కలకత్తానే. 1911 డిసెంబరు 27న, కాంగ్రెస్ మహాసభల్లో పాడారు. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

“ముందు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి” అన్న సలహాతోనే చిక్కు వీడింది. ఠాగూర్ మదనపల్లె వచ్చింది 1919లో. బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్‌కు పాశ్చాత్య సంగీతం బాగా వచ్చు. పాటకు స్వరాలు రాసింది ఆవిడే. ఠాగూర్ అక్కడే దాన్ని ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఇంగ్లీషు చేశారు. ఆ చేతిరాత ప్రతిని ఫొటోలో చూశాను, సంతకంతో పాటు 1919 ఫిబ్రవరి 28 తేదీ స్పష్టంగా ఉంది. మదనపల్లె వాళ్లు చిన్నప్పటి నుంచీ గర్వంగా చెప్పుకునేది ఈ సంగతే, అందులో తప్పేమీ లేదు.



మార్కులు కలకత్తా జట్టుకే ఇచ్చాం. వచ్చే క్విజ్‌లో మదనపల్లె మీద విడిగా ఒక ప్రశ్న పెడుతున్నాం.