అనంతపురంలో విరాళపు డబ్బుతో వర్ల్‌పూల్ తొట్టి కొనడం సమంజసమేనా?

పెన్నాతీరం (అనంతపురం):
మా కాలనీ పెద్దలు నడుపుతున్న ఉచిత ఫిజియోథెరపీ కేంద్రానికి వర్ల్‌పూల్ తొట్టి కొనిస్తామని ఒక దాత ముందుకు వచ్చారు. చేతినో కాలినో గోరువెచ్చని నీటిలో ఉంచితే, తొట్టి అంచుకు బిగించిన టర్బైన్ ఆ నీటిలో గాలిని కలుపుతూ సుళ్లు తిప్పుతుంది. ఒక్కొక్కరికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మా దగ్గరకు మోకాళ్లు అరిగినవారు, పుత్తూరు కట్టు విప్పించుకున్నాక మణికట్టో మోచేయో బిగుసుకుపోయినవారు ఎక్కువగా వస్తారు. తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, కానీ సంఘంలో సగం మంది ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గండికోట (కడప):
తప్పకుండా తీసుకోండి. మెట్లు దిగలేని రోజుల్లో ఈ తొట్టిలో కూర్చుని లేచిన తరువాతే నాకు కాలు మడవడం సాధ్యమయ్యేది. వేడికి కండరం వదులవుతుంది, రక్తప్రసరణ పెరుగుతుంది, నీటి తాకిడికి నొప్పి మీది ధ్యాస తగ్గుతుంది. ఇదేమీ నిన్న మొన్నటి పోకడ కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికుల కాళ్లకూ చేతులకూ సుడినీటి తొట్లు వాడారు. అమెరికాలో పంపులు తయారుచేసే జకూజీ సోదరుల ఇంట్లో కీళ్లవాతంతో బాధపడుతున్న పిల్లవాడికి ఆసుపత్రిలో దొరికే నీటి చికిత్స ఇంటి దగ్గర కూడా అందాలన్న తపనతోనే 1956లో స్నానపు తొట్టిలో అమర్చుకునే పంపు వచ్చింది.

కేసీ కెనాల్ (కర్నూలు):
నేను ఫిజియోథెరపిస్టును కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. కాలిని కిందికి వేలాడదీసి వెచ్చని నీటిలో ఉంచితే, వాపు తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నీటి వేడి తెలియదు, చర్మం కమిలిన తరువాతే చూసుకుంటారు. సిరల్లో రక్తం గడ్డకట్టినవారిని తొట్టి దగ్గరకే రానివ్వకూడదు. గాయాల సంరక్షణకు వర్ల్‌పూల్ వాడవద్దని అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2014లోనే స్పష్టంగా చెప్పింది. సూడోమోనాస్ వంటి బాక్టీరియా టర్బైన్ గొట్టం లోపల నిలిచి, ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. అందుకే ప్రతి రోగి తరువాత నీళ్లు పూర్తిగా వదిలేసి, క్రిమినాశక ద్రావణంతో టర్బైన్‌ను కొంతసేపు నడిపించి మరీ కడగాలి.

ఉరవకొండ వాసి:
కాలు మునిగే తొట్టికి వందల లీటర్లు పడతాయి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే జిల్లాలో ఒక్కొక్క మనిషికి తొట్టెడు నీళ్లు కాలువలోకి వదలడాన్ని నేను సమర్థించలేను.

గండికోట:
ప్రతి మనిషికీ నీళ్లు మార్చాలన్నది అతిశయోక్తి. ఈతకొలనులో వందమంది దిగినా రోజూ ఖాళీ చేయరు, క్లోరిన్ కలుపుతారు. ఇక్కడ కూడా అలాగే చేయవచ్చు.

కేసీ కెనాల్:
ఈతకొలనులో నీరు నిరంతరం వడపోత యంత్రం గుండా తిరుగుతుంది. ఈ తొట్టికి ఆ ఏర్పాటు ఉండదు. పైగా నీటి వేడికీ, గాలి కలపడానికీ, ఒంటి మురికికీ క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. ఈ విషయంలో రాజీ కుదరదు.

బుగ్గబావి:
మా బోరు నీటికి గీజరు కాయిలే తెల్లగా పొరలు కట్టి పాడవుతోంది. టర్బైన్ ఎంతకాలం వస్తుందో, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా చూసుకోండి.

గండికోట:
మీరందరూ నీళ్ల లెక్కలు రాస్తున్నారే గాని, నొప్పి గురించి ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. రాత్రంతా మోకాలు సలుపుతుంటే మంచం మీద కూర్చుని తెల్లవార్చినవారికి ఆ ఇరవై నిమిషాల హాయి ఏమిటో మీకు తెలియదు. ఉపశమనం చికిత్స కాదని ఎవరు నిర్ణయించారు? ఆరోగ్యవంతులు కూర్చుని రోగికి ఏది అవసరమో తేల్చడం నాకు బాధ కలిగిస్తోంది.

తాడిపత్రి నల్లరాయి:
బాధ గురించి నేనూ చెబుతాను. మా అక్క మణికట్టు విరిగి, కట్టు విప్పిన తరువాత ఒక ప్రైవేటు కేంద్రంలో ప్యాకేజీ మాట్లాడుకుని వెళ్లేది. తొట్టిలో చేయి పెట్టించేవారు, సమయం కాగానే తుడిచి పంపేవారు. ఆ వేళ్లను పట్టుకుని వంచినవారు ఒక్కరూ లేరు. డబ్బంతా అయిపోయాక, ఇంట్లో వ్యాయామం చేయనందుకే బిగుసుకుపోయిందని ఆమె మీదే తప్పు వేశారు. ఈనాటికీ ఆమె సంగటి గెలికే కట్టెను గట్టిగా పట్టుకోలేకపోతోంది.

గండికోట:
మీ అక్కగారికి జరిగింది అన్యాయమే. అయితే అది ఆ కేంద్రం చేసిన తప్పు, తొట్టిది కాదు.

కేసీ కెనాల్:
తప్పు ఎక్కడ మొదలవుతుందో అదే నేను చెప్పదలచుకున్నది. వేడి నీటిలో కండరం వదులైన తరువాత ఆ వదులు ఎక్కువసేపు నిలవదు. ఆ కొద్దిసేపట్లోనే కీలును వంచి, సాగదీసి, రోగి చేత బలవంతానైనా కదిలింపజేయాలి, అది మనిషి చేయవలసిన పని. చురుకైన వ్యాయామంలో రోగి పాల్గొనడానికి తోడ్పడితే తప్ప ఇలాంటి సాధనాలను వాడవద్దని కూడా 2014 నాటి ఆ సూచనల్లోనే ఉంది. కానీ తొట్టి తనంతట తాను నడుస్తుంది. కాబట్టి థెరపిస్టు లేని లోటు బయటికి కనబడకుండా పోతుంది, రోగి తనకు చికిత్స జరిగిందనే అనుకుని ఇంటికి వెళతాడు. పెన్నాతీరం గారూ, మీ కేంద్రానికి ఫిజియోథెరపిస్టు ఎన్ని రోజులు వస్తారు?

పెన్నాతీరం:
వారానికి రెండు సాయంత్రాలు. మిగతా రోజుల్లో ఒక సహాయకురాలు ఉంటారు. ఆ డబ్బును థెరపిస్టు జీతానికి ఇవ్వగలరా అని మేము దాతగారిని అడిగాము. తమ తండ్రిగారి పేరు రాసిన వస్తువు కేంద్రంలో నలుగురికీ కనబడాలన్నది ఆయన కోరిక. ఆ కోరిక తప్పని నేను అనలేను. తొట్టి వద్దంటే ఆ డబ్బు జీతానికి రాదు, అసలు రాకుండానే పోతుంది.

గండికోట:
నేను చెప్పేదీ అదే. థెరపిస్టు రాని రోజున ముసలివాళ్లను ఉత్తచేతులతో పంపే కన్నా, కాస్త ఉపశమనమైనా ఇచ్చి పంపడం మేలు.

కేసీ కెనాల్:
థెరపిస్టు రాని రోజునే తొట్టి ఎక్కువ ప్రమాదకరం. పాదంలో స్పర్శ ఉందో లేదో ఎవరు పరీక్షిస్తారు? నీటిని 37 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచేది ఎవరు? పిక్కలో ఉన్నది మామూలు నొప్పా, గడ్డకట్టిన రక్తమా అన్నది గుర్తించేది ఎవరు? దాతగారి తండ్రిగారి పేరు తొడ కండరానికి బలం పెంచే క్వాడ్రిసెప్స్ టేబుల్ మీదా, భుజం కదలిక కోసం తిప్పే షోల్డర్ వీల్ మీదా, పట్టుకుని నడక సాధన చేసే ప్యారలల్ బార్ల మీదా రాయవచ్చు. వాటికి చుక్క నీరు అక్కరలేదు. థెరపిస్టు ఒకసారి సరిగా నేర్పితే సహాయకురాలి సమక్షంలో రోగులు వాటిని రోజూ వాడుకోగలరు. అరిగిన మోకాలికి తొడ కండరం బలపడటమే పెద్ద అండ. బిగుసుకున్న మణికట్టుకైతే ఇంట్లోనే బకెట్టు గోరువెచ్చని నీటిలో చేయి ఉంచి, ఆ నీటిలోనే పిడికిలి ముడిచి తెరుస్తూ ఉంటే చాలావరకు సరిపోతుంది.

గండికోట:
బకెట్టులో మోకాలు మునగదు. థెరపిస్టు వచ్చే ఆ రెండు సాయంత్రాలకైనా తొట్టిని ఉండనివ్వండి, మిగతా రోజుల్లో గదికి తాళం వేయండి. ఇంతకు మించి నేను తగ్గలేను.