మోటారు పెట్టగానే మెట్లు చెదిరిపోతున్నాయి (7 స్విచ్‌ల ఇన్వర్టర్)

నరసాపురం కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మా నాన్నకి రెండెకరాల వనామి చెరువుంది. తెల్లవారుజామున కరెంటు పోయి నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు తేలిపోతాయని టెన్షన్, జనరేటర్ పక్కనే మంచమేసుకుని పడుకుంటారు. అది చూసే ఫైనలియర్ ప్రాజెక్టుకి మల్టీలెవెల్ ఇన్వర్టర్ (డీసీని మెట్లు మెట్లుగా పేర్చి ఏసీ చేసేది) తీసుకున్నా.

మూడు హెచ్-బ్రిడ్జ్‌లు (నాలుగేసి స్విచ్‌లతో వోల్టేజీ దిక్కు తిప్పేవి) వరసగా కలిపితే 7 లెవెల్స్‌కి (ప్లస్‌లో మూడు మెట్లు, మైనస్‌లో మూడు, సున్నా) 12 స్విచ్‌లు కావాలి. నేను 7తో సరిపెట్టా. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి తీసిన 108 వోల్టుల డీసీ సప్లైలు మూడు. ఒక్కోదానికి వరసలో ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్), అది ఆఫ్ అయినప్పుడు కరెంటు పక్కనుంచి పోవడానికో డయోడ్. చివర్లో ప్లస్, మైనస్ తిప్పడానికి ఒక హెచ్-బ్రిడ్జ్. 100 వాట్ల బల్బు పెడితే స్కోప్‌లో (వోల్టేజీని గీతగా చూపేది) మెట్లు ముచ్చటగా వచ్చాయి. అర హెచ్‌పీ నీళ్ల మోటారు పెట్టగానే, సున్నా దాటిన వెంటనే 108 ఉండాల్సిన చోట అమాంతం 324కి ఎగిరిపోతోంది. మాస్‌ఫెట్‌లని ఆన్, ఆఫ్ చేసే గేట్ పల్సులు సరిగ్గానే ఉన్నాయి. కోడ్ మూడుసార్లు చూశా. ఎక్కడ తప్పు?

ఆకివీడు రిపేరు షాపు:
కోడ్ జోలికి పోకు బాబూ, తప్పు డయోడ్‌ది. మోటారులో కరెంటు వోల్టేజీకి వెనకబడి వస్తుంది కదా. వోల్టేజీ అటు తిరిగినా కాసేపు కరెంటు పాత దిక్కునే పోతుంది, అంటే నీ సప్లైల్లోకి తిరిగొస్తుంది. నీ డయోడ్ దాన్ని రానివ్వదు. అప్పుడది మాస్‌ఫెట్‌ల లోపలి డయోడ్‌ల మీదుగా మూడు సప్లైల్లోంచీ దూరిపోతుంది. నువ్వు ఆఫ్ చేశాననుకున్నవి కూడా లైన్లో ఉన్నట్టే. అదే నీ 324. బల్బుకి ఈ గొడవ లేదు కాబట్టి అది నిన్ను మోసం చేసింది.

డయోడ్‌లు తీసేసి వాటి చోట మాస్‌ఫెట్‌లు పెట్టు. మొత్తం 10 అవుతాయి. ఇంకో కిటుకు: ఒక సప్లైని శాశ్వతంగా లైన్లో ఉంచెయ్. సున్నా లెవెల్‌ని హెచ్-బ్రిడ్జ్‌లో పైరెండూ ఆన్ చేసి తెచ్చుకోవచ్చు. అప్పుడు 8 చాలు.

కాకినాడ ఎంటెక్:
8 స్విచ్‌లే కావాలంటే రెండు హెచ్-బ్రిడ్జ్‌లు చాలు కదండీ, ఒకదానికి 108, రెండోదానికి 216 ఇస్తే. 1:3 నిష్పత్తిలో ఇస్తే 9 లెవెల్స్ కూడా వస్తాయి.

ఆకివీడు రిపేరు షాపు:
వస్తాయండి, కాదనను. కానీ 1:3లో రెండో మెట్టు 3లోంచి 1 తీసేస్తే వచ్చేది. ఆ టైములో చిన్న సప్లైలోకి కరెంటు ఎదురెక్కుతుంది. బ్యాటరీ అయితే తీసుకుంటుంది. ఈ అబ్బాయివి రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసేది) సప్లైలు, వెనక్కి తీసుకోలేవు, కెపాసిటర్లు ఉబ్బుతాయి. 1:2కి ఆ బాధ లేదు, కూడికే సరిపోతుంది.

ఇంకోమాట, స్విచ్‌లు తగ్గాయి కదాని నష్టం తగ్గిందనుకోకండి. 12 స్విచ్‌ల దాంట్లో కరెంటు ఎప్పుడూ 6 మాస్‌ఫెట్‌లు దాటుతుంది. 200 వోల్టుల ఐఆర్‌ఎఫ్‌పి 250ఎన్ మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నప్పుడు 0.075 ఓంలు, ఆరూ కలిపి 0.45. మీ 1:2లో దాటేవి నాలుగే, కానీ 216 వైపు 500 వోల్టుల ఐఆర్‌ఎఫ్‌పి 460 వాడితే ఒక్కోటీ 0.27. మొత్తం 0.69. నేను చెప్పిన 8 స్విచ్‌ల దానికీ ఇదే లెక్క. 8 ఆంపియర్లు లాగితే 29 వాట్ల చోట 44 వాట్లు వేడిగా పోతుంది. మాస్‌ఫెట్ వేడెక్కితే ఇంకా పెరుగుతుంది.

మరి ఎందుకు తగ్గించాలంటే, డ్రైవర్లు (మాస్‌ఫెట్‌కి పల్సులు అందించే చిప్‌లు) తగ్గుతాయని. నా బల్ల మీదకి చెరువుల నుంచి వచ్చే బోర్డుల్లో మాస్‌ఫెట్ కంటే ముందు పోయేవి వాటి వెనకున్న డ్రైవర్ ఆప్టోలూ వాటి సప్లైలే. ఉప్పుగాలికి కాళ్లు పచ్చగా చిలుం పడతాయి. మొన్నొకదాంట్లో బల్లి రెండు కాళ్ల మధ్య అడ్డంగా మాడిపోయి ఉంది. టిఎల్‌పి 250 ఆప్టోలు పన్నెండుకి బదులు ఎనిమిదంటే, చిలుం పట్టే చోట్లు నాలుగు తగ్గినట్టే కదా. బోర్డు మీద వార్నిష్ మాత్రం మర్చిపోకు బాబూ.

నరసాపురం కుర్రాడు:
ఎనిమిదితో చేశానండి. ఎగరడం ఆగింది, మోటారు మోత కూడా తగ్గింది. స్కోప్‌లో మెట్టు మారేచోట సన్నగా సూదిలా ఒకటి మిగిలింది. డెడ్ టైమ్ (ఒక స్విచ్ ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేలోపు ఆగే సమయం) 2 మైక్రోసెకన్లు ఇచ్చాను. తగ్గించనా?

ఆకివీడు రిపేరు షాపు:
దాన్ని కదపకు. ముందు సప్లై వైర్లు పొట్టిగా చేసి, మెలితిప్పి చూడు.