డిగ్రీ చదివాక మోటారు వైండింగ్ పనిలోకి వెళ్లవచ్చా?

కల్వకుర్తి పట్టభద్రుడు:

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు. బీకాం పూర్తయ్యాక మూడేళ్లు హైదరాబాదులో ఒక గది తీసుకొని పోటీ పరీక్షలకు చదివాను, ఏదీ అందలేదు. పోయిన యాసంగిలో మా బోరు మోటారు కాలిపోతే దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకొని వైండింగ్ షాపుకు తీసుకెళ్లి, పని అయ్యేవరకు రెండు రోజులు అక్కడే కూర్చున్నాను. మిస్త్రీ మాడిన తీగను లాగి పారేసి, చుట్లు లెక్క రాసుకొని, కొత్త తీగ ఎక్కిస్తుంటే నాకు పొద్దు తెలియలేదు. ఆ తర్వాత కూడా వీలున్నప్పుడల్లా వెళ్లి చేతి సాయం చేస్తున్నాను. మా నాన్న మాత్రం, ఇంత చదివించింది చేతులకు గ్రీజు పూసుకోవడానికా అని బాధపడుతున్నారు. ఈ వయసులో ఐటీఐలో చేరడం మంచిదా, షాపులోనే నేర్చుకోవడం మంచిదా? పదేళ్ల తర్వాత కూడా ఈ పనిలో ఇంతే తృప్తి ఉంటుందా?

అచ్చంపేట వైండింగ్ మిస్త్రీ:

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. 22 ఏళ్లుగా ఇదే నా బతుకు. రెండు రోజులు పక్కన కూర్చుంటే కలిగే ఇష్టాన్ని నేను తక్కువ చేయను గానీ, వరి పొట్ట మీద ఉన్న రోజుల్లో షాపు ముందు పది మోటార్లు వరుసగా పడి, ప్రతి రైతూ ముందు నాదే చేయమని నిలబడినప్పుడు కూడా చేయి తొందరపడకుండా ఉంటుందా అన్నది చూసుకోవాలి.

బోరు మోటారు లోపల నీళ్లుంటాయి కాబట్టి, ఫ్యానుకు వాడే ఎనామిల్ పూత తీగ దీనికి పనికిరాదు. ప్లాస్టిక్ పొర ఉన్న తీగను సూదిలో దారం ఎక్కించినట్టు ఒక్కొక్క చుట్టుగా స్టేటరు (మోటారులో తిరగని ఇనుప భాగం) గాడుల్లోంచి లాగాలి. లాగేటప్పుడు అంచు తగిలి పొర గీసుకుపోతే కంటికి కనబడదు, నీళ్లలో దిగాక బయటపడుతుంది. అందుకే నేను చుట్టిన స్టేటరును రాత్రంతా నీళ్ల డ్రమ్ములో నానబెట్టి, పొద్దున మెగ్గరు (తీగ పొర లోంచి కరెంటు లీకవుతోందా అని చూసే మీటరు) పెట్టి చూసిన తర్వాతే మోటారు బిగిస్తాను.

సొంతంగా షాపు పెట్టిన తొలి ఏడాది ఒక రైతు మోటారు మూడుసార్లు నా దగ్గరికే తిరిగి వచ్చింది. తీగ మంచిది కాదని దుకాణదారుతో తగువు కూడా పెట్టుకున్నాను. మూడోసారి విప్పినప్పుడు కాయిళ్లను కుదురుగా చూస్తే, రెండు ఫేజులవి బొగ్గులా ఉన్నాయి, మూడో ఫేజువి మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిళ్ల ఒక్కో కొసను ఒకేచోట కలిపే పద్ధతి) మోటారుకు ఒక ఫేజు పోతే మిగతా రెండింటి మీదే భారమంతా పడుతుంది. పొలానికి వెళ్లి స్టార్టర్ డబ్బా విప్పితే కరెంటును కలిపే ఒక కాంటాక్టు పాయింటు అరిగి గుంతలు పడింది. మాటిమాటికీ ఆగిపోతోందని ఎవరో ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు ఎక్కువ లాగితే మోటారును ఆపేసేది) తప్పించి తీగ నేరుగా కలిపారు. నా వైండింగులో తప్పు లేదు, కానీ తప్పెక్కడుందో వెతకకపోవడం నా తప్పే. ఆ తర్వాత మూడు ఫేజుల కాయిళ్లూ సమానంగా నల్లబడి ఉంటే ఓల్టేజీ తక్కువైందా, పంపు పట్టేసిందా అని అడగడం నేర్చుకున్నాను. తీగ చుట్టడం రెండేళ్లలో విసుగు పుడుతుంది, కాలిన మోటారును చదవడం మాత్రం నాకు ఇప్పటికీ విసుగు పుట్టలేదు.

వానలు బాగా పడ్డ నెలల్లో బోరు పని తగ్గుతుంది. అప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు చూసుకోవాలి. నడుము నొప్పి ఎలాగూ వస్తుంది.

మహబూబ్‌నగర్ ఐటీఐ బోధకుడు:

మిస్త్రీ గారు చెప్పిన అనుభవం మా తరగతి గదిలో దొరకదు. అయినా ఐటీఐని వదులుకోవద్దని నా సలహా. ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. పదో తరగతి పాసైతే చాలు, గరిష్ఠ వయసు పరిమితి లేదు. ధ్రువపత్రం ఉంటే 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టయిపెండుతో కంపెనీలో శిక్షణ పొందవచ్చు, వైర్‌మన్ పర్మిటుకూ అది పనికివస్తుంది. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. ఒక్క హెచ్చరిక: 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం కింద రుణం తీసుకొని షాపు పెట్టవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ పథకంలోని 18 వృత్తులలో మోటారు వైండింగ్ లేదు.

పుట్టపాక చేనేత బిడ్డ:

తృప్తి గురించే అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు చెబుతాను. మా ఊరి చేనేత వస్త్రం తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా నాన్న కాగితం మీద గీత గీయకుండా చిటికి (రంగు అద్దే ముందు డిజైను కోసం నూలుకు వేసే ముడులు) కట్టగలరు, ఆ పనిలో ఆయనకున్న తృప్తికి కొదవ లేదు. కానీ నూలు ఇచ్చేదీ, చీర ధర కట్టేదీ ఆసామి, అంటే మాతో నేయించే వ్యాపారి. అందుకే మా అన్న మగ్గం దిగి చౌటుప్పల్‌లో కంపెనీ పనికి వెళ్తున్నాడు. కాబట్టి మీ నాన్నగారి బాధను చులకన చేయకండి. ఆయన గ్రీజు గురించే మాట్లాడుతున్నారని నేననుకోను. మీ పనిలో కూలి నిర్ణయించేది మీరే అవుతారు, అది మాకు లేని బలం. అయితే రైతులు పంట అమ్మాకే డబ్బులిస్తారు కదా, అన్నాళ్లు ఉద్దెర మోయగలరా అని మిస్త్రీ గారి ఖాతా పుస్తకం చూసి తేల్చుకోండి.

కల్వకుర్తి పట్టభద్రుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఐటీఐ ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చేవరకు రోజూ షాపుకు వెళ్తానని నాన్నతో చెప్పాను. ఆయన సరే అనలేదు గానీ వద్దని కూడా అనలేదు. అన్నా, మీ మాట చదివి, మా మోటారులోంచి తీసిన పాత కాయిళ్లను తుక్కు బస్తాలో వెతికాను. మూడింట ఒక వంతు తీగ మాడనే లేదు. నిన్న మా స్టార్టర్ డబ్బా మూత తీస్తే ఒక పాయింటు నల్లగా గుంతపడి ఉంది. ఆ ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

అచ్చంపేట వైండింగ్ మిస్త్రీ:

సరిపోదు. మూడూ ఒకేసారి మార్చు, లేకపోతే కొత్తది సమంగా ఆనదు. రిలే తప్పించి ఉందేమో కూడా చూడు. ఇకమీదట మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూసుకున్నాకే ఆ మూత తియ్యి.