బ్యాట్‌మాన్, చిత్తడి రాక్షసుడి పోరు ఎంతకీ ముగియడం లేదు, సాయం చేయండి

పెన్సిల్‌పొడి: నేను గీస్తున్న కామిక్‌లో సాయంత్రం నుంచి ఇదే పేజీ మీద కూర్చున్నా, కదలడం లేదు. బ్యాట్‌మాన్ ఊరు గోతమ్‌లో అతనూ చిత్తడి రాక్షసుడూ ఎదురుపడతారు. పిడిగుద్దు బురదలో దిగబడిపోతుంది, గబ్బిలం ఆకారపు బ్యాటరాంగ్ విసిరితే ఒంట్లోంచి అవతలికి పోతుంది. వాడు మాట్లాడడు, ఎందుకొచ్చాడో చెప్పడు. పేజీల కొద్దీ కొట్టుకుంటూనే ఉన్నారు. ముగించేదెలా? కథలో బ్యాట్‌మాన్ శత్రువు స్కేర్‌క్రో కూడా ఉన్నాడు, తీసేయమంటారా?

పాతసంచిక: ఏ చిత్తడి రాక్షసుడు?

రెక్కలగుర్రం: ముందు హక్కుల సంగతి తేల్చుకోండి. డ్రాక్యులా 1897 నాటి నవల, ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే మార్వెల్ 1972లో సొంత డ్రాక్యులా పత్రిక మొదలుపెట్టింది, బ్యాట్‌మాన్ కామిక్స్ వేసే డీసీ 1991లో అతన్ని అదే డ్రాక్యులా మీదికి పంపింది. ఒకరినొకరు అడగనక్కర్లేకపోయింది. అమెరికా ప్రచురణకర్తలు పెట్టుకున్న 1954 కామిక్స్ కోడ్ రక్తపిశాచాలను నిషేధించింది, 1971లో సడలించాకే వాళ్లు మళ్లీ వచ్చారు. బ్యాట్‌మాన్ అలా కాదు. 1939 నాటి తొలి కథకే అమెరికాలో 95 ఏళ్ల గడువు, అంటే 2034 చివరిదాకా హక్కులు ఉంటాయి. బురదవాడి బదులు డ్రాక్యులాను పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

పెన్సిల్‌పొడి: అమ్మడానికి కాదండీ, నేను అడిగింది పోరు గురించి. మార్వెల్ వాళ్ల మ్యాన్-థింగ్ గురించే చెబుతున్నా. రెండు సంస్థల పాత్రలు కలిసే క్రాసోవర్ అన్నాక ఇంకెవరుంటారు?

పాతసంచిక: స్వాంప్ థింగ్ అని ఇంకో చిత్తడి రాక్షసుడు ఉంటాడు. ఇద్దరూ 1971లోనే వచ్చారు. స్వాంప్ థింగ్ డీసీ వాడే, 1973లోనే బ్యాట్‌మాన్‌ను కలిశాడు. అది క్రాసోవర్ కిందికి రాదు.

గళ్లపేజీ: ఎందుకు రాదు? ఒకే సంస్థలో రెండు పత్రికల పాత్రలు కలిసినా క్రాసోవరే.

పాతసంచిక: అది టీమప్.

నల్లసిరా: మీరు దీన్ని బలపరీక్షగా రాస్తున్నారు, అందుకే ముగియడం లేదు. మ్యాన్-థింగ్‌కు ఆలోచన లేదు, ఎదుటివాళ్ల ఉద్వేగాలు మాత్రం తగులుతాయి. భయపడినవాడు వాడి చేయి తగిలితే కాలిపోతాడు. ఇక బ్యాట్‌మాన్ పద్ధతి చూడండి: చీకట్లోంచి దూకి దొంగలను హడలగొట్టడం. అంటే అతను భయపెట్టిన ప్రతివాడూ కాలిపోవడానికి సిద్ధమైనట్టే. చంపకూడదన్న అతని నియమానికి అతని పద్ధతే అడ్డొస్తుంది. మీ కథ అక్కడుంది.

స్కేర్‌క్రోను తీయకండి! భయం పుట్టించే తన గ్యాస్‌ను అతను వీధి నిండా వదిలితే మ్యాన్-థింగ్ ఎందుకొచ్చాడో విడిగా చెప్పనక్కర్లేదు. ఫ్లోరిడాలో వాడి చిత్తడిలోనే లోకాలన్నీ కలిసే కూడలి ఉంది, దానికి కాపలా వాడే. అటునుంచి గోతమ్‌కు ఒక్క ప్యానెల్లో దింపేయండి.

22 పేజీలనుకుంటే, గుద్దులు పనిచేయవని చూపడానికి 3 చాలు. 4వ పేజీలో ఒక దొంగ చేయి కాలాలి, పక్కనే భయపడని పిల్లో కుక్కో వాడికి తగిలినా ఏమీ కాకూడదు. బ్యాట్‌మాన్ కారణం పట్టుకునేది అక్కడే. ఆఖరి 5 పేజీల్లో కొట్లాట వద్దు. గ్యాస్ పీల్చినవాళ్లను ఒక్కొక్కరినే కుదుటపరచాలి, అదీ ఆ ముసుగుతోనే! వీధిలో భయం తగ్గేకొద్దీ వాడు నెమ్మదించి వెనుదిరుగుతాడు.

1981 డీసీ, మార్వెల్ క్రాసోవర్‌లో మార్వెల్ వాళ్ల హల్క్ మత్తు గ్యాస్ పీల్చకుండా ఊపిరి బిగబడితే, బ్యాట్‌మాన్ పొట్టలో తన్ని పీల్చేలా చేశాడు. మ్యాన్-థింగ్ దగ్గర ఆ కిటుకు కుదరదు, తన్నినా కాలు బురదలోకే పోతుంది.

మ్యాన్-థింగ్‌కు ఆలోచన బెలూన్లు వేయకండి. క్యాప్షన్లు బ్యాట్‌మాన్‌కో కథకుడికో ఒకరికే ఇవ్వండి. ఇద్దరికీ ఇస్తే ఆ మౌనం పోతుంది.

పెన్సిల్‌పొడి: మరి బ్యాట్‌మాన్‌ను ముట్టుకుంటే?

పాతసంచిక: భయపడితే కాలతాడు. గ్యాస్ కాస్త తగలనిచ్చి చేతి తొడుగు పొగలు కక్కేదాకా రానివ్వండి. ఒక్కసారే, 15వ పేజీ దాటాక.

రెక్కలగుర్రం: డ్రాక్యులా అయితే ఇన్ని చిక్కులు ఉండవు.

పెన్సిల్‌పొడి: 4వ పేజీ నుంచి మళ్లీ గీస్తున్నా. థ్యాంక్స్.

గళ్లపేజీ: టీమప్ అంటే ఇద్దరూ ఒకే పక్షం కదా? 1973 కథ అలా ఉందా?