.357 మాగ్నమా, .32 బోరా? ఇంటికీ చెరువుకీ ఏది మంచిది

గట్టుమీద కాపలా:
అందరికీ నమస్కారమండి. మాది ఉప్పలగుప్తం వైపు. ఆరెకరాల రొయ్యల చెరువు, దానికి కిలోమీటరున్నర దూరంలో ఇల్లు. ఇంట్లో అమ్మ, నా భార్య, ఎనిమిదేళ్ల బాబు. దసరా వెళ్లిన వారానికి రాత్రి రెండింటప్పుడు చెరువు మీద నాలుగు ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపేవి) మోటార్లు పట్టుకుపోయారు. నేను కాపలా పాకలోనే ఉన్నాను, అయినా ఏమీ చేయలేకపోయాను. కంప్లైంట్ ఇచ్చాను, కాగితం తీసుకున్నారు, అంతే. రొయ్యల పట్టుబడి రోజున ఇంట్లో డబ్బు కూడా ఉంటుంది. అందుకని అమలాపురం కలెక్టరేట్‌లో రివాల్వర్ లైసెన్స్‌కి పెడుతున్నాను. పెట్టేదేదో గట్టిదే పెడదామని, .32 బోరు (బోరంటే గొట్టం లావు) వద్దనుకుని శక్తి ఎక్కువుండే .357 మాగ్నమ్ అనుకుంటున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆస్టిన్ గోదారోడు:
మంచి ఎంపిక తమ్ముడూ. టెక్సస్‌లో నా దగ్గర నాలుగంగుళాల బ్యారెల్ రూగర్ జీపీ100 మాగ్నమ్ రివాల్వర్ ఉంది, ఆరేళ్లయింది. మాగ్నమ్ గొప్పతనం ఏంటంటే అందులో రెండు రకాల తూటాలు వాడొచ్చు. .357 మాగ్నమ్‌దీ, .38 స్పెషల్‌దీ గుండు లావు ఒక్కటే, మాగ్నమ్ ఇత్తడి తొడుగు మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతు పొడుగు. 1935 ప్రాంతంలో స్మిత్ అండ్ వెసన్ తుపాకుల కంపెనీ వాళ్లు దీన్ని తెచ్చినప్పుడు కావాలనే పొడుగు చేశారు, పాత .38 రివాల్వర్లలో పొరపాటున పెట్టి పేలిస్తే తూటాలు పెట్టే సిలిండర్ బద్దలవుతుందని. కాబట్టి నేర్చుకోవడానికి .38 వాడుకో, అది మెత్తగా పేలుతుంది. చేయి కుదిరాక మాగ్నమ్. రెండంగుళాల పొట్టిదాని జోలికి మాత్రం వెళ్లకు. చేతిలో ఎగిరిపడుతుంది, మంట మొహం మీదికొచ్చినట్టుంటుంది. బరువున్నదే తీసుకో, ఆ బరువే కిక్‌ని (వెనక్కి తన్నడాన్ని) మింగుతుంది.

మాజీ హవల్దార్:
బాబూ, ముందు ఒక మాట. ఆస్టిన్ బాబు చెప్పింది అమెరికాలో కరెక్టే. అక్కడ కొట్లోకెళ్లి డబ్బా తూటాలు తెచ్చుకుంటారు. ఇక్కడ లైసెన్స్ పుస్తకంలో రాసి లెక్కపెట్టి ఇస్తారు. మాగ్నమ్ రివాల్వర్ అసలు ఎక్కడ కొంటావు? విదేశీ తుపాకులు మామూలు మనిషి దిగుమతి చేసుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది. అప్పటికే దేశంలో ఉన్నవి చేతులు మారుతున్నాయి, ధర లక్షల్లో. ఇక్కడ కొత్తగా ఎక్కువగా చేతికొచ్చేది .32. కాన్పూర్ ఫ్యాక్టరీ వాళ్లది ఉంది, 2014లో అరకేజీ బరువులో నిర్భీక్ అని తేలికది కూడా తెచ్చారు. నేను ఇరవై రెండేళ్లు తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చేశాను, తర్వాత రాజమండ్రిలో బ్యాంకు దగ్గర పన్నెండు బోర్ తుపాకీ పట్టుకుని తొమ్మిదేళ్లు నిలబడ్డాను. నువ్వు అడిగిన పనికి .32 చాలు.

ఆస్టిన్ గోదారోడు:
బాబాయ్ గారూ, మీమీద గౌరవంతోనే చెప్తున్నాను, .32 చాలదు. .32 లాంగ్ గుండు ఆరు గ్రాముల చిల్లర, వేగం సెకనుకి 700 అడుగులు. మాగ్నమ్‌ది పది గ్రాములు, 1200 అడుగులు. శక్తి లెక్క వేస్తే అయిదు రెట్లు తేడా. ఇక్కడ ఎఫ్‌బీఐ వాళ్లు ఒంటి కండలాంటి జెలటిన్ దిమ్మలో గుండు 12 నుంచి 18 అంగుళాలు దిగాలని చూస్తారు. ఆత్మరక్షణ అన్నాక సగం సగం పనికొచ్చేది ఎందుకు?

కాటన్ కాలవ:
సోలార్ కెమెరా పెట్టండి, సిమ్ వేస్తే ఫోన్‌లోకే వస్తుంది. మా చెరువు మీద అదే పెట్టాం.

రాజోలు ఆడపడుచు:
రివాల్వర్ ఏదైనా సరే, ఇంట్లో ఎక్కడ పెడతారు? తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

మాజీ హవల్దార్:
లెక్కలు కాగితం మీద బాగానే ఉంటాయి. అయిదు రెట్లు శక్తి అంటే అంతకంత చప్పుడు, అంతకంత తన్ను కూడా. రాత్రి రెండింటికి, నిద్రలోంచి లేచిన చెయ్యి, చీకట్లో, ఒక గదిలో. డబుల్ యాక్షన్‌లో, అంటే సుత్తిని ముందే వెనక్కి లాగి పెట్టకుండా, ట్రిగ్గర్ నొక్కడానికి నాలుగైదు కేజీల బలం పెట్టాలి, వేలు బిగిసేలోపు గురి పక్కకి జరుగుతుంది. ఏడాదికి రెండు వందల తూటాలు కాల్చినోడికే అది కుదురుతుంది. ఈ బాబు ఎన్ని కాలుస్తాడు, ఎక్కడ కాలుస్తాడు? ఇంకో సంగతి, మీ అమెరికాలో గోడలు అట్టముక్కలు, గుండు పక్కింటిదాకా పోతుంది. ఇక్కడ ఇటిక గోడకి తగిలి చిందుతుంది. కాపలా పాకైతే తాటాకే, అవతల ఎవడున్నాడో ఎలా తెలుస్తుంది?

ఆస్టిన్ గోదారోడు:
చప్పుడు విషయం ఒప్పుకుంటాను. మొదటిసారి లోపలి రేంజ్‌లో కాలుస్తూ, ఆపేశారు కదా అనుకుని చెవులకి పెట్టింది తీశాను. పక్క లేన్‌లో ఒకాయన మాగ్నమ్ పేల్చాడు. పళ్లు జివ్వుమన్నాయి, కుడి చెవిలో ఈల మొదలై రెండు రోజులు ఆగలేదు. రాత్రి దిండు మీద ఆ చెవి పెడితే ఇంకా గట్టిగా వినపడేది. 140 డెసిబెల్స్ దాటితే చెవికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు, మాగ్నమ్ 160 దాటుతుంది. అందుకే ఇంట్లో నేను .38 తూటాలే వేసి ఉంచుతాను. అది నా మాటకి బలమే కానీ వ్యతిరేకం కాదు. తుపాకీ మాగ్నమ్‌దైతే ఏది వేసుకోవాలో మన ఇష్టం.

మాజీ హవల్దార్:
ఇంట్లో .38 వేసి ఉంచేవాడివి ఇతనికి మాగ్నమ్ ఎందుకు చెప్తున్నావయ్యా?

గట్టుమీద కాపలా:
మీ ఇద్దరూ మంచి విషయాలు చెప్తున్నారు. బాబాయ్ గారూ, ధర గురించి నాకు టెన్షన్ లేదు. ఒక పంట బాగా వస్తే లెక్కలోది కాదు.

కొబ్బరి చిప్ప:
మా బావ పెట్టాడు లైసెన్స్‌కి. ఏడాదిన్నర తిప్పి చివరికి లేదన్నారు. అవసరం చూపించాలి అంటారు.

రాజోలు ఆడపడుచు:
తాళం సంగతి ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడని ఆయనే రాశారు.

మాజీ హవల్దార్:
ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది, తుపాకీ వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు ధ్రువపత్రం పెట్టాలి, ఇంట్లో భద్రంగా దాస్తానని రాసివ్వాలి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ మూడేళ్లకి బదులు అయిదేళ్లు ఉంటుంది, తుపాకులు మూడు ఉండేవి రెండుకి తగ్గించారు. ఎలక్షన్ వచ్చిందంటే తీసుకెళ్లి అప్పజెప్పమంటారు. నీ దొంగలు ఎలక్షన్ కోడ్ చూసి ఆగరు కదా.

ఇంక మన గాలి. ఉప్పునీటి చెరువు పక్కన ఇనుముని వదిలేస్తే ఏమవుతుందో ఏరేటర్ బోల్టులు చూస్తే నీకే తెలుస్తుంది. బ్యాంకులో ఉన్నప్పుడు ఒకాయన తన సొంత రివాల్వర్ చూడమని తెచ్చాడు, తోలు సంచీలోనే నాలుగేళ్లు ఉంచాడట. తోలు తేమ పీల్చుకుని పట్టుకుంటుంది. బయటికి తీస్తే సిలిండర్ పక్కకి రాదు. బ్యారెల్ మీద తోలు కుట్టు ఎక్కడ తగిలిందో అక్కడ కుట్టు వరసలాగే తుప్పు చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి. నూనె పోసి రెండు రోజులు నానబెడితే కదిలింది. కదిలాక చూస్తే లోపల అయిదు తూటాలు అలాగే ఉన్నాయి. నాలుగేళ్లూ ఇంట్లో నిండు తుపాకీ పెట్టుకుని ఆయన ఒక్కసారి కూడా చూసుకోలేదు.

గట్టుమీద కాపలా:
అక్కా, బీరువాలో పెడతాను. బాబాయ్ గారూ, నేను ఆయనలా వదిలేసేవాణ్ణి కాదండి. రోజూ ఏరేటర్లు విప్పి గ్రీజు పెట్టేవాణ్ణి. అసలు మీరు అడగాల్సింది అడగట్లేదు. అయిదుగురు వచ్చారు. నా చేతిలో టార్చ్ లైటు, కర్ర. నేనేం చేయాలి?

మాజీ హవల్దార్:
అయిదుగురు వచ్చి మోటార్లు పట్టుకుపోతుంటే కాల్చడానికి చట్టం ఒప్పుకోదు బాబూ. పాత ఐపీసీలో సెక్షన్ 103, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 41. దోపిడీకి, రాత్రి పూట ఇల్లు పగలగొట్టి దూరినదానికి ప్రాణం తీసేదాకా ఎదుర్కొనే హక్కు ఉంది. ఉట్టి దొంగతనానికి కావాలంటే నీ ప్రాణానికో, పెద్ద దెబ్బకో నిజంగా భయముండాలి, అది కోర్టులో నిలబడాలి. మోటారుకి ఒక మనిషిని చంపితే నువ్వు జైలుకి, చెరువు ఎండకి.

ఆస్టిన్ గోదారోడు:
ఈ మనస్తత్వమే మన దగ్గర సమస్య. దొంగకి చట్టం, కష్టపడేవాడికి కేసు. ఇక్కడ ఎవడైనా మన గుమ్మం దాటడానికి ఆలోచిస్తాడు. తమ్ముడూ, భయపడకు, మాగ్నమ్‌కే పెట్టు. నీ ఇంటిని నువ్వు కాపాడుకోకపోతే ఎవడొస్తాడు?

గట్టుమీద కాపలా:
ఎవడొస్తాడు అన్నారు కదా, ఆ మాట మీరు అనకుండా ఉండాల్సింది అన్నా. మోటార్ల కోసం కాదు నేను తుపాకీ అడుగుతున్నది. ఆ రాత్రి నేను గట్టు మీద పరిగెడుతూ అరిచాను. జారి బురదలో పడ్డాను, పడి కూడా అరిచాను. చెరువుకి ఆనుకునే ఏడిళ్లున్నాయి. ఒక్క లైటు వెలగలేదు. ఎందుకు వెలగలేదో తెల్లారాక లెక్కపెట్టుకున్నాను. నాలుగిళ్లకి తాళాలు, పిల్లలందరూ హైదరాబాదు, బెంగళూరు, మీ అమెరికా. రెండిళ్లలో డెబ్బై దాటిన ముసలాళ్లు, వాళ్లకి వినపడినా లేవలేరు. మిగిలిన ఇంటాయన విన్నాడు, తర్వాత నాతోనే చెప్పాడు, భయమేసి రాలేదని. మా నాన్న ఉన్నప్పుడు ఎవరింట్లో దొంగ పడ్డా పది మంది పలుగులు పట్టుకుని వచ్చేవాళ్లు. మీ అమ్మగారు కూడా అంబాజీపేట దగ్గర ఒక్కరే ఉంటారని కొబ్బరి రేట్ల చర్చలో మీరే రాశారు. మీరు అక్కడ ఆరు తూటాల రివాల్వర్ పెట్టుకున్నారు. ఆవిడ దగ్గర ఏముంది?

ఆస్టిన్ గోదారోడు:
మా అమ్మని ఇందులోకి లాగడం ఏం పద్ధతి? మీ బాధ మీది, అర్థమవుతుంది. నేను వెళ్లిపోయింది సరదాకి కాదు. కౌలు చేసి మునిగి, అప్పులు తీర్చడానికి వెళ్లాను. రోజూ రెండు పూటలా ఫోన్ చేస్తాను. ఎత్తడం ఆలస్యమైతే ఇక్కడ నాకు ఏ పనీ సాగదు.

కాటన్ కాలవ:
ఇద్దరూ కాస్త తగ్గండి.

రాజోలు ఆడపడుచు:
ఇన్ని సార్లు ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు చెప్తాను. మా తాతగారికి డబుల్ బ్యారెల్ ఉండేది, లైసెన్స్‌దే. కొబ్బరి తోట కాపలాకని తీసుకున్నారు. ముప్ఫై ఏళ్లలో ఒక్క దొంగ మీద పేలలేదు. అది ఇంట్లో పేలింది ఒక్కసారే, మా చిన్న మామయ్య చేతిలో, ఆయన మీదే. వరసగా రెండు పంటలు రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులు పోయిన ఏడాది. తాళం దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక ఉండేది, ఇంటిల్లిపాదికీ తెలుసు. అమ్మమ్మ ఆ తర్వాత ఆ డబ్బా ముట్టుకోలేదు. గట్టుమీద కాపలా గారూ, పంట బాగా వస్తే మాగ్నమ్ కొంటానని రాశారు. పంట పోయిన ఏడాది ఆ తాళం ఎక్కడుంటుంది అనేదే నా ప్రశ్న. బోరు ఏదైనా నాకొకటే.

కొబ్బరి చిప్ప:
🙏

మాజీ హవల్దార్:
అమ్మా, నీ మాట విన్నాక నా .32 వాదన కూడా చిన్నదైపోయింది. బాబూ, మొదటి నుంచీ నేను అనాల్సింది బోరు మాటున దాచి తిరుగుతున్నాను, ఇప్పుడు నేరుగా అంటాను. ఆ ఇంటాయన భయమేసి రాలేదన్నావు. రేపు నీ దగ్గర రివాల్వర్ ఉందని ఊరికి తెలిస్తే అసలు రాడు. చీకట్లో నువ్వు అరుస్తూ ఉంటావు, తూటా ఎటు వస్తుందో తెలీదు, ఎవడు బయటికొస్తాడు? పలుగులు పట్టుకుని వచ్చిన ఆ పది మందిలో ఒక్కడైనా మిగిలి ఉంటే వాణ్ణి కూడా పోగొట్టుకుంటావు. చుట్టూ చెరువుల వాళ్లు ఎంతమంది? నలుగురైనా ఉండరా? వంతులు వేసుకోండి, ఒక సైరన్ పెట్టుకోండి, నలుగురి ఫోన్లూ ఒకేసారి మోగేలా చూసుకోండి.

గట్టుమీద కాపలా:
వంతులు రెండేళ్ల కింద వేశాం బాబాయ్ గారూ. మూడు నెలలు నడిచింది. ఒకాయన రాడు, ఇంకొకాయన తాగి పడుకుంటాడు, నా వంతుకి మాత్రం నేను వెళ్లాలి. మీరు చెప్పేది మా నాన్న కాలం ఊరు. నేనుండేది ఈ ఊళ్లో.

అక్కా, మీ మామయ్యగారి సంగతి చదివి మా ఆవిడకి చూపించాను. ఏమీ అనలేదు, ఫోన్ నా చేతికిచ్చి లోపలికెళ్లిపోయింది.

ఆస్టిన్ గోదారోడు:
తమ్ముడూ, కోపంలో రాశాను. అమ్మ నంబరు మెసేజ్‌లో పెట్టాను. ఉప్పలగుప్తం నుంచి మా ఊరు మరీ దూరమేం కాదు. ఎప్పుడైనా అంబాజీపేట సంతకి వస్తే ఒకసారి చూసిరా. పెరటి తలుపు గడియ విరిగిందని మూడు నెలల నుంచి చెప్తోంది, చేసేవాడు దొరకలేదు.

గట్టుమీద కాపలా:
ఎల్లుండి పట్టుబడి ఉందన్నా. అది అయ్యాక వెళ్తాను, మా వెల్డింగ్ కుర్రాణ్ణి తీసుకెళ్తాను. అప్లికేషన్ మాత్రం ఆపట్లేదు, .32 అనే రాశాను. ఇస్తే ఇస్తారు.

మాజీ హవల్దార్:
సరే. శిక్షణకి వెళ్లేటప్పుడు నాకు చెప్పు, నేనూ వస్తాను.

రాజోలు ఆడపడుచు:
తాళం?