‘సంఖ్యానే చ విశారదం’ – ఋతుపర్ణుడి మాట, దాని వెంట వచ్చిన ‘బట్టి’

అభ్యాసి:
పెద్దలకు నమస్కారం. నాలుగు రోజులుగా ఒక సగం పాదం నన్ను వదలడం లేదు. ‘…సంఖ్యానే చ విశారదం’. మహాభారతంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు రథప్రయాణంలో బాహుకుడితో, అంటే మారురూపంలో సారథిగా ఉన్న నలుడితో, అనే మాట. దాని ముందు సగం గుర్తు రావడం లేదు. అది ‘సంఖ్యానే’నా, ‘సాంఖ్యే’నా అన్న అనుమానం కూడా ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా నాకు కావలసింది, ఈ మాటను నన్నయ తెలుగులో ఏ పదంతో చెప్పాడు అన్నది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, నేను ఆర్ భాషలో డేటా విశ్లేషణ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ప్రోగ్రామింగ్ నాకు పూర్తిగా కొత్త. నాకు అర్థమైనదాన్ని తెలుగులో రాసుకుంటూ పోతున్నాను. సగటు, మధ్యగతం, క్రమవిచలనం, సహసంబంధం వరకు బండి నడిచింది. ఒక రాశిని చూసి ఇంకో రాశిని అంచనా వేసే గీత గీయడం, అదే రిగ్రెషన్, దాని దగ్గర ఆగిపోయింది. నిఘంటువు ‘తిరోగమనం’ అంటోంది. నేను గీసిన గీత రాబోయే విలువను చెబుతోంది, దానికి వెనక్కి నడిచే పేరు ఎలా పెట్టను? పాతవాళ్లు లెక్కకు ఏ మాట వాడారో చూద్దామనుకుంటే ఋతుపర్ణుడు తగిలాడు.

ఛందోరేఖ:
‘సంఖ్యానే’ అనే ఉండాలి, అనుమానం అక్కర్లేదు. ‘సాంఖ్యే చ విశారదం’ అంటే ఏడక్షరాలే వస్తాయి, అనుష్టుప్పు పాదానికి ఎనిమిది కావాలి. సం-ఖ్యా-నే-చ-వి-శా-ర-దం, ఎనిమిది సరిపోయాయి. అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు, లక్షణం కూడా కుదిరింది. ముందు పాదం ‘విద్ధ్యక్షహృదయజ్ఞం మాం’. నన్ను అక్షహృదయం (పాచికల రహస్యం) తెలిసినవాడిగా, లెక్కించడంలో నేర్పరిగా తెలుసుకో అని అర్థం.

భారతాభిమాని:
ఛందోరేఖ గారు పాదం చక్కగా పూరించారు కానీ అసలు రుచి ‘అక్ష’లో ఉంది. అక్షం అంటే పాచిక. అదే మాట వాళ్ల ముందున్న చెట్టుకు కూడా పేరు. ఆ చెట్టు విభీతకం, మన తాండ్ర చెట్టు. వేదకాలంలో జూదమాడింది దాని కాయలతోనే. జూదంలో సర్వం పోగొట్టుకున్నవాడు పాచికల చెట్టు కింద పాచికల విద్య నేర్చుకున్నాడు. కలి అతని ఒంట్లోంచి బయటికొచ్చి దూరింది కూడా ఆ చెట్టులోకే. ఒక్క మాట మీద ఇంత కథ నిలబెట్టడం వ్యాసుడికే చెల్లింది.

లెక్కల పంతులు:
అభ్యాసి గారూ, మీరు సరైన చోటే ఆగారు. మూలంలో ఋతుపర్ణుడు రెండు కొమ్మల లెక్క చెబుతాడు: అయిదు కోట్ల ఆకులు, 2095 కాయలు. బాహుకుడు ఆ మాట ఊరికే నమ్మలేదు. రథం ఆపి, చెట్టు నరికి, లెక్కపెట్టి చూశాడు, సరిపోయింది. అంచనా వేసేవాడు ఒకడు, దాన్ని సరిచూసేవాడు ఇంకొకడు. ఆర్‌లో మీరు మోడల్ కట్టేటప్పుడు కొంత డేటాను పక్కన పెట్టుకుని చివర్లో దానితో సరిచూడడం అచ్చంగా ఈ పనే. నేను పిల్లలకు పాఠం మొదలుపెట్టేది ఈ కథతోనే. కొమ్మలను బట్టి చెట్టు.

శబ్దశోధిని:
పంతులు గారూ, కథ బాగుంది కానీ అది నమూనా తీసుకోవడం అవుతుంది, రిగ్రెషన్ కాదు. ఇక్కడ ఒక చలరాశిని చూసి ఇంకో చలరాశి చెప్పడం లేదు కదా. అయితే మీరు చివర్లో అన్న మాట నన్ను పట్టుకుంది. ‘బట్టి’. అభ్యాసి గారి చిక్కుకు మందు అందులోనే ఉందేమో.

ముందు ‘తిరోగమనం’ సంగతి. సంస్కృతంలో ‘తిరస్’కు అడ్డంగా, మరుగున అనే అర్థాలు. తిరోధానం, తిరోహితం చూడండి, రెండూ మాయమవడమే. ఆ లెక్కన తిరోగమనం అంటే మరుగైపోవడం. వెనక్కి నడవడం అన్న అర్థం దానికి ఎలా వచ్చింది? నా ఊహ చెబుతాను. పక్కన పురోగమనం ఉంది, దానికి జోడు కావలసి వచ్చింది. మన చెవికి ‘తిరో’లో తెలుగు ‘తిరుగు’ వినిపించింది. అలా స్థిరపడిపోయింది.

లెక్కల పంతులు:
మీ ఊహ ముచ్చటగా ఉంది. ‘తిరో’ని నేనూ ఒప్పుకోను, ‘ప్రతిగమనం’ అనాలి. వెనక్కి రావడం ఆ పేరులో ఊరికే చేరలేదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1877లో బఠానీ జాతి పూలమొక్కల గింజల మీద చేసిన పని చెబుతూ ముందు వాడిన మాట ‘రివర్షన్’. తరువాత 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తులను, వాళ్ల 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులతో పోల్చాడు. ఆడవాళ్ల ఎత్తును 1.08తో హెచ్చవేసి మగవాళ్ల ఎత్తుకు సమం చేసుకున్నాడు. తల్లిదండ్రులు సగటు కన్నా ఎంత పొడుగైతే, పిల్లలు అందులో సుమారు మూడింట రెండు వంతులే పొడుగు. మిగతాది సగటు వైపు వెనక్కి వచ్చేసింది. 1886లో అచ్చయిన ఆ వ్యాసంతో ‘రిగ్రెషన్’ పేరు నిలిచింది. ఆ చరిత్ర ప్రతిగమనంలో ఉంది, పారేసుకోకండి.

శబ్దశోధిని:
చరిత్ర సరే. కానీ గీతను డేటాకు అమర్చే పద్ధతి గాల్టన్‌ది కాదు కదా. కనిష్ఠ వర్గాల పద్ధతిని (తేడాల వర్గాల మొత్తం వీలైనంత తగ్గేలా గీత గీయడాన్ని) లెజాండ్రే 1805లోనే ప్రచురించాడు, గౌస్ 1809లో. అప్పటికి ఎవరూ ఎక్కడికీ వెనక్కి రాలేదు! ఒక ప్రయోగంలో కనబడిన గుణం మొత్తం పద్ధతికి పేరైపోయింది, అంతే. కొత్తగా నేర్చుకునేవారు ఆ పేరు దగ్గరే తట్టుకుని పడుతున్నారు. హిందీవాళ్లు ‘సమాశ్రయణ’ అంటారు. ఒక రాశి ఇంకోదాన్ని ఆశ్రయించి ఉండడం. మనకు అంత పెద్ద మాట కూడా అక్కర్లేదు. వేగాన్ని బట్టి దూరం. ఎత్తును బట్టి బరువు. అయిపోయింది.

అభ్యాసి:
శబ్దశోధిని గారూ, ఇది చదివాక ఒక పెద్ద ముడి విడిపోయింది. ఆర్‌లో ‘కార్స్’ అనే పట్టిక ముందే ఉంటుంది. 1920ల నాటి కార్లు, 50 వరుసలు, వేగం మైళ్లలో, ఆగడానికి పట్టిన దూరం అడుగుల్లో. గీతను అమర్చే ‘ఎల్ఎం’ ఫంక్షన్‌కి దూరం ~ వేగం అని ఇవ్వాలి. మధ్యలో ఉన్న ఆ అల గుర్తును ఎలా చదవాలో తెలియక ఇన్నాళ్లూ మింగేస్తున్నాను. ఇప్పుడు చదువుతున్నాను: ‘దూరం, వేగాన్ని బట్టి’.

వాలు 3.93 వచ్చింది, అంతరఖండం −17.58. వేగం గంటకు 15 మైళ్లయితే సుమారు 41 అడుగులు. కానీ వేగం సున్నా అయితే దూరం మైనస్ 17 అడుగులు అంటోంది. కదలని కారు వెనక్కి పోవడం ఏమిటని చాలాసేపు టెన్షన్ పడ్డాను.

లెక్కల పంతులు:
టెన్షన్ పడకండి. ఆ పట్టికలో వేగం 4 నుంచి 25 వరకే ఉంది. సున్నా దగ్గర ఒక్క కారునూ మీరు చూడలేదు. చూసిన కొమ్మలు దాటి ఆ గీత చెప్పేదాన్ని నమ్మకూడదు. ఆర్ వర్గం (ఆర్-స్క్వేర్డ్, గీత ఎంత బాగా అమరిందో చెప్పే కొలత) 0.65 వచ్చి ఉంటుంది. దూరాల్లో ఉన్న తేడాల్లో ఆ మేరకు వేగాన్ని బట్టి చెప్పగలుగుతున్నారు, తక్కినది అవశేషాల్లో, అంటే అసలు దూరానికీ గీత చెప్పిన దూరానికీ మధ్య తేడాల్లో, ఉంది. అవశేషాలను గీసి చూడండి, అసలు చదువు అక్కడుంది.

చూశారా, నేను కూడా ‘బట్టి’ అనేశాను.

ఛందోరేఖ:
‘బట్టి’ మీద నాకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. శీర్షికగా పెట్టేటప్పుడు ‘పట్టి’ అనాలి. ఇది ‘పట్టు’ ధాతువు. ‘వేగమునుఁ బట్టి’లో ద్రుతం (మాట చివరి నకారం) తరువాత పకారం బకారమైంది. ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు, అంటే క చ ట త ప లు గ జ డ ద బ లు అవుతాయని వ్యాకర్త చిన్నయసూరి చెప్పనే చెప్పాడు. ముందు ద్రుతం లేకుండా ‘బట్టి’ని ఒంటరిగా నిలబెడితే ఆ ‘బ’కు ఆధారం ఏది?

శబ్దశోధిని:
అలాగైతే ‘గురించి’ని కూడా ‘కుఱించి’ అనాలి, ‘గూర్చి’ని ‘కూర్చి’ అనాలి. సంధిలో పుట్టిన సరళం అక్కడే గట్టిపడి సొంత మాటైపోయింది. ‘దేన్ని బట్టి?’ అని అడుగుతాం, ‘దేన్ని పట్టి?’ అంటే చేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క అక్షరంలో అర్థమే మారిపోయింది.

భారతాభిమాని:
పట్టిక కూడా ఈ పట్టులోంచే వచ్చిందని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది. అంకెలను పట్టి ఉంచేది పట్టిక. ఆర్‌లో డేటా ఫ్రేమ్‌కు ఇంతకన్నా మంచి పేరు దొరకదు.

ఛందోరేఖ:
పట్టిక సంస్కృతం, పట్టికా. పట్టు ధాతువుకు దానితో చుట్టరికం లేదు. పేరు మంచిదే, వ్యుత్పత్తి కాదు.

లెక్కల పంతులు:
నా సందేహం అక్షరం గురించి కాదు, అర్థం గురించి. ‘కాబట్టి’లో ఉన్నది కారణం కదా! కాఁబట్టి, అందుబట్టి, అన్నీ హేతువులే. పిల్లలు ‘వేగాన్ని బట్టి’ అనగానే వేగమే కారణం అనుకుంటారు. రిగ్రెషన్‌లో అంతకు మించిన ప్రమాదం లేదు.

శబ్దశోధిని:
పంతులు గారూ, ఈ మాట మీద నా ప్రేమంతా అక్కడే. కారణం చెప్పడానికి తెలుగుకు ‘వల్ల’ వేరే ఉంది. ‘ముఖాన్ని బట్టి మనసు చెప్పొచ్చు’ అంటాం. ముఖం వల్ల మనసు ఏర్పడలేదు. ‘నీడను బట్టి పొద్దు’ అంటాం. నీడ వల్ల పొద్దు నడవదు. కనబడేదాన్ని ఆధారం చేసుకుని కనబడనిదాన్ని చెప్పడం, అంతవరకే ‘బట్టి’. నామవాచకం పక్కన ‘బట్టి’ వచ్చినప్పుడు అంచనా, క్రియ పక్కన ‘కాబట్టి’ అయినప్పుడు హేతువు. ఇంత సన్నని తేడాను తెలుగు తనంతట తాను పెట్టుకుంది. దాన్ని వదిలి తిరో, ప్రతి అంటూ ఉపసర్గల వెంట ఎందుకు పడాలి?

లెక్కల పంతులు:
నీడ ఉదాహరణ రేపే పాఠంలో వాడుకుంటాను. అయినా పరీక్ష పేపర్లో ‘బట్టి విశ్లేషణ’ అని రాయలేను. ప్రతిగమనం ఉండాల్సిందే.

అభ్యాసి:
నా పుస్తకంలో పైన ప్రతిగమనం అని రాసి, కింద ప్రతి గీత దగ్గరా ‘బట్టి’ అని చదువుకుంటున్నాను. నా మొదటి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ‘సంఖ్యానే’ని నన్నయ ఏమన్నాడు?

భారతాభిమాని:
నలుడి కథ నన్నయ చేతిదే, ‘శారదరాత్రులు’ పద్యం దగ్గర ఆయన ఆగిపోయిన అరణ్యపర్వంలోనిదే. కోట్ల ఆకులు లెక్కపెట్టే రాజును చెప్పినవాడే చివరికి లెక్కకందని చుక్కల రాత్రిని వర్ణించి కలం ఆపాడు. ఆయన మాట ఏదైనా, తన కవిత్వం గురించి ఆయనే చెప్పుకున్న ప్రసన్నకథాకలితార్థయుక్తితోనే ఉంటుంది.

ఛందోరేఖ:
‘కలితార్థ’నా, ‘కవితార్థ’నా? నేను ‘కవితార్థ’ పక్షం.

భారతాభిమాని:
‘కలితార్థ’ లేకుండా ఆ సమాసానికి బిగువు ఎక్కడిదండీ! దీనికి వేరే చర్చ తెరవండి, నేను వస్తాను.